రెండంగుళాల ఎత్తు

హెస్టర్ డ్రేకాట్ పంతొమ్మిదేళ్లుగా ఒక నేరాన్ని మోస్తూ వచ్చింది. దానికి సాక్షులు ఇద్దరే: భర్త లయొనెల్, వాళ్ల ఆకుపచ్చ ఎంజీ కారు. లయొనెల్ కిందటి నవంబరులో పోయాడు. కారు ఈ ఏప్రిల్‌లో, అంటే 1994లో, ఆబింగ్డన్‌లోని రెజ్ టిడ్‌మార్ష్ షెడ్డులో ఇంజిను ఊడదీయించుకుని, సీట్లు విప్పించుకుని, బోసినోరు తెరిచి నిలబడి ఉంది.

నేరం ఇది. 1975 జూన్‌లో వేల్స్ కొండల్లో ఒక నిట్టనిలువు ఎక్కుడు మీద ఆమె ఆ కారు రెండో గేరును పాడుచేసింది. అప్పటిదాకా భార్యాభర్తలిద్దరూ గంటకొకరు చొప్పున వంతులు వేసుకుని నడిపేవారు. ఆ గంట ఆమెది. మొదటి గేరులోంచి రెండోదానిలోకి మార్చబోతే రాడ్డు మొరాయించింది. ఆమె నొక్కింది. పళ్లతో గులకరాళ్లు నమిలినట్టు ఒక చప్పుడు వచ్చి, కారు ఆగి, వెనక్కి రెండు గజాలు జారింది. వెనక అరడజను కార్లు నిలిచిపోయాయి. లయొనెల్ చేయి చాచి చేతిబ్రేకు లాగాడు. కోప్పడలేదు. "ఇక నేను నడుపుతాలే, హెస్టర్," అన్నాడు. ఆమె తాను కూర్చునే ఆకుపచ్చ కుషను తీసి ఒళ్లో పెట్టుకుని పక్క సీటులోకి మారింది. ఆ కుషను ఇంటికి వచ్చాక మళ్లీ కారెక్కలేదు. డ్రైవరు సీటులోకి ఆమె కూడా ఎక్కలేదు.

ఆ యేడు క్రిస్మస్ విందులో లయొనెల్ స్నేహితులకు ఈ సంగతి హాస్యంగా చెప్పాడు. "మా హెస్టర్ ఒక్క కొండెక్కి గేరుబాక్సుని కాఫీపొడి చేసేసింది," అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. మరుసటి యేడు అతను ఆ హాస్యం చెప్పలేదు. ఆ తరవాత ఎన్నడూ చెప్పలేదు. దయతలచాడని ఆమె అనుకుంది.

ఆమె ఆక్స్‌ఫర్డ్‌లో రసాయన శాస్త్రం చదివి, ఆడపిల్లల బడిలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పాఠం చెప్పిన మనిషి. పరీక్షించకుండా ఏ ఫలితాన్నీ ఒప్పుకోవద్దని వేలమంది పిల్లలకు నూరిపోసింది. ఈ ఒక్క ఫలితాన్ని మాత్రం పరీక్షించకుండానే ఒప్పుకుంది. ఎందుకంటే చప్పుడు తన చేతిలోంచే వచ్చింది. తన చేతికంటే దగ్గరి సాక్ష్యం ఉండదు.

దాని పర్యవసానం ఇప్పుడు అనుభవంలోకి వచ్చింది. వాళ్ల ఊరి బస్సు వారానికి రెండు రోజులకు తగ్గిపోయింది, మంగళవారం, గురువారం. లైసెన్సు ఇంకా రెండేళ్లు చెల్లుతుంది కాని, స్టీరింగు ముందు కూర్చునే ధైర్యం చెల్లిపోయి చాలా కాలమైంది. అందుకని కారు బాగుచేయించి బాన్‌బరీలోని ఒక పళ్ల డాక్టరుకు అమ్మాలని, ఆ తరవాత ఇల్లూ తోటా వదిలి బజారుకు నడిచివెళ్లగలిగే చోట రెండు గదులు చూసుకోవాలని నిశ్చయించుకుంది. డాక్టరు శనివారం వస్తానన్నాడు.

మంగళవారం బస్సు దిగి ఆమె షెడ్డుకు వెళ్లింది.

"రండి మిస్," అన్నాడు రెజ్. అతనికి అరవై ఆరేళ్లు. కూతురు ఒకప్పుడు హెస్టర్ దగ్గర చదువుకుంది. అప్పట్లో ఇంటిల్లిపాదికీ ఆమె 'మిస్' అయింది. ఆ కూతురి పిల్లలే ఇప్పుడు బడికి పోతున్నా, తండ్రికి ఆ పిలుపు పోలేదు.

"ఆవిడకి కూర్చోడానికి ఏదైనా వెయ్యవయ్యా. నుంచోబెట్టి పాఠం చెప్తావా?" అంది కుట్టుమిషను వెనకనుంచి డోరీన్ కప్పర్. ఊళ్లో కారు కార్ఖానా నడిచినన్నాళ్లూ ఆమె అందులో తోలు పని చేసింది, రెజ్ ఇంజిన్ల పని చేశాడు. కార్ఖానా మూతపడ్డాక ఇద్దరూ కలిసి ఈ షెడ్డు పెట్టుకున్నారు. వాళ్ల మధ్య ఉన్నది స్నేహమో తగువో పద్నాలుగేళ్లయినా చుట్టుపక్కలవాళ్లకు తేలలేదు.

"కుర్చీలన్నీ నువ్వే విప్పి పడేశావుగా," అన్నాడు రెజ్.

"అవి కుర్చీలు కావు, సీట్లు. ఆ తేడా తెలీకుండానే రిటైరైపోయాడు మిస్, పాపం."

రెజ్ ఒక చెక్కపెట్టె బోర్లించి, మీద తన కోటు పరిచాడు. హెస్టర్ కూర్చుంది. బల్ల మీద గేరుబాక్సు పూర్తిగా విప్పి, ఏ ముక్కకు ఆ ముక్క పాత వార్తాపత్రికల మీద వరుసగా పేర్చి ఉంది. రెజ్ ఒక ఇత్తడి రింగు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇది రెండో గేరుది. పళ్లూ పళ్లూ కలిసేముందు ఇది ముందుగా వెళ్లి గేరుని పట్టుకుని, రెండిటి వేగం ఒకటి చేస్తుంది. ఇద్దరు కొట్టుకోకుండా మధ్యలో నిలబడే మనిషన్నమాట."

"ఈ షెడ్డులో నాలాగ," అంది డోరీన్.

"కొట్టుకునేదే నువ్వూ నేనూ అయితే మధ్యలో నువ్వెలా నిలబడతావే?" అని, రెజ్ మళ్లీ హెస్టర్ వైపు తిరిగాడు. "లోపలి వైపు వేలితో తడిమి చూడండి. సన్నని గీతలు ఉండాలి, గరుగ్గా తగలాలి."

హెస్టర్ తడిమింది. నున్నగా ఉంది. వెలుతురు వైపు తిప్పి చూసింది. ఇత్తడి పసుపు రంగు ఎక్కడా లేదు. దీపం మసి పట్టినట్టు నల్లగా ఉంది.

పంతొమ్మిదేళ్లుగా అడగని ప్రశ్నను ఆమె ఎవరో విద్యార్థి తరఫున అడుగుతున్నట్టు అడిగింది. "మొరటుగా గేరు మారిస్తే ఇలా అవుతుందా?"

"మొరటుతనం పళ్ల మీద తెలుస్తుంది మిస్. అంచులు విరుగుతాయి, లోపల గేర్లని జరిపే ఫోర్కు వంకరపోతుంది. మీ పళ్లు బానే ఉన్నాయి... అంటే, గేరు పళ్లు."

"ఆవిడ పళ్లూ బానే ఉన్నాయి, నీవే లేవు," అంది డోరీన్.

"ఇంకోటి చూడండి," అని రెజ్ మరో రెండు రింగులు ఆమె ముందుకు జరిపాడు. "ఇది మూడో గేరుది, ఇది నాలుగోది. ఇవీ నల్లబడ్డాయి. రెండోదానికి ఎప్పుడూ పని ఎక్కువ కాబట్టి అది ముందు పోయింది. ఒక్క గేరు పోతే నడిపినవాళ్లని అనొచ్చు. అన్నిట్నీ ఒకేలా తిన్నదంటే అది చెయ్యి కాదు మిస్. నూనె."

గేరుబాక్సు పెంకు అడుగున మూలలో గట్టిపడిన మడ్డిని స్క్రూడ్రైవరు కొసతో గీకి, ఆమె ముక్కుకు కొద్ది దూరంలో పట్టాడు. కుళ్లిన గుడ్డు వాసన. ఆ వాసన ఆమెకు తెలుసు. ప్రతి అక్టోబరులోనూ ఆమె ఒక రాగి రేకును గంధకం కలిపిన నూనెలో ముంచి వేడిచేసేది. వెనక బల్లల పిల్లలు ముక్కులు మూసుకుని కిచకిచలాడుతుండగా రాగి చూస్తూచూస్తూ నల్లబడేది.

"గంధకం," అంది. "రాగి ఉన్న ఏ లోహాన్నయినా తినేస్తుంది."

"అదే. చిక్కటి గేర్ ఆయిల్‌లో ఉంటుంది. ఈ బండికి గేరుబాక్సులో కూడా ఇంజిన్ ఆయిలే పొయ్యాలని పుస్తకంలో రాసుంది. కానీ పుస్తకం ఎవరు చూస్తారు? గేరుబాక్సుకి గేర్ ఆయిల్ కాక మరేం పోస్తారని అనుకుంటారు. సోమరివాడు ఈ తప్పు చెయ్యడు మిస్, వాడు అసలు నూనే మార్చడు. బండంటే ప్రాణం పెట్టేవాళ్లే చేస్తారు."

హెస్టర్ రింగును ఒళ్లో పెట్టుకుంది. "మీరు విప్పినప్పుడు లోపల ఏ నూనె ఉంది?"

రెజ్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ కాస్త ఆలోచించాడు. "అదే నాకు అంతుపట్టలేదు. దింపితే మామూలు ఇంజిన్ ఆయిలే వచ్చింది, శుభ్రంగా. ఎవరో తప్పు తెలుసుకుని మార్చారు. కానీ అప్పటికే అవ్వాల్సింది అయిపోయింది."

కుట్టుమిషను ఆగింది. డోరీన్ దారం తెగిందేమోనని చూసుకుంటున్నట్టు తల వంచుకుంది.

హెస్టర్ తొందరపడి ఒక నిర్ణయానికి వచ్చే మనిషి కాదు. ఆ కారు 1964 నాటిది. వాళ్లు కొన్నది 1968లో. మొదటి నాలుగేళ్లూ అది ఒక బ్యాంకు గుమాస్తా చేతిలో ఉంది. ఆ తప్పు అతనిదీ కావచ్చు. కాబట్టి సాక్ష్యం చూడాలి.

లయొనెల్ కౌంటీ సర్వేయరుగా పనిచేశాడు. కొలవనిదీ, చీటీ అతికించనిదీ అతని చేతిలో ఉండేది కాదు. అతను పోయాక ఆమె ఇంట్లో అన్నీ సర్దింది కాని కారుకొట్టం జోలికి పోలేదు. ఆ సాయంత్రం తలుపు తీసి, ముక్కాలిపీట ఎక్కి, పై అరలో డబ్బాలు ఒక్కొక్కటే ముందుకు తిప్పి చూసింది. వెనక వరుసలో, పెయింటు డబ్బాల చాటున, సగం ఖాళీ అయిన గేర్ ఆయిల్ డబ్బా దొరికింది. దానిమీద చీటీ ఉంది. చీటీమీద అతని నిటారు అక్షరాలు.

"గేరుబాక్సులో పోసినది: 7 ఏప్రిల్ 1973. చలి ఉదయాల్లో గేర్లు కొంచెం బిగువు."

కింద వేరే సిరాతో: "తీసివేసినది: 22 ఆగస్టు 1976. ఇక వాడరాదు."

ఆమె పీట మీదే నిలబడి ఆ రెండు తేదీల మధ్య తన తేదీని, 1975 జూన్‌ను, పెట్టి చూసుకుంది. అది సరిగ్గా ఇమిడిపోయింది. నూనె పోసిన రెండేళ్లకు రింగులు లొంగిపోయాయి. కొండ ఎక్కుతున్నది ఆమె కావడం కేవలం వంతు మూలంగా జరిగింది. ఒక గంట ముందో వెనకో అయితే ఆ చప్పుడు లయొనెల్ చేతిలోంచి వచ్చేది. ఇక 1976 ఆగస్టు తరవాత వచ్చిన క్రిస్మస్‌కు ఆ హాస్యం ఎందుకు ఆగిపోయిందో కూడా తెలిసింది. అది దయ కాదు. హాస్యం చెప్పే అర్హత పోయిందని అతనికి తెలిసిపోయింది.

ఆమె డబ్బాను ఇంట్లోకి తెచ్చి భోజనాల బల్లమీద, అతను కూర్చునే చోట, చీటీ తనవైపు ఉండేలా పెట్టింది. ఉడకబెట్టిన గుడ్డూ రొట్టెముక్కా దాని ఎదురుగా కూర్చుని తిన్నది. తెలియక చేసినది తప్పు. తెలిశాక పదిహేడేళ్లు దాచినదానికి ఏ పేరు పెట్టాలో ఆమెకు తోచలేదు. అతను గేరుబాక్సు ఎందుకు బాగుచేయించలేదో కూడా ఇప్పుడు అర్థమైంది. బాగుచేయించాలంటే ఎవరో ఒకరు విప్పాలి. విప్పినవాడు రెజ్ చెప్పినట్టే చెప్తాడు. దాని బదులు అతను మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య ఒక క్షణం ఆగి, పళ్లు శాంతించాక మార్చడం అలవాటు చేసుకున్నాడు. ఆ విరామాన్ని ఆమె అన్నేళ్లూ అతని నెమ్మదితనమనుకుంది.

తన కోపం ఆమెకే కొత్తగా ఉంది. చనిపోయిన మనిషి మీద కోపం ఎక్కడ పెట్టాలో తెలియక బుధవారమంతా తోటలో గులాబి కొమ్మలు కత్తిరించింది, అవసరమైనదానికంటే ఎక్కువే.

గురువారం బస్సుకు డబ్బా సంచిలో వేసుకుని మళ్లీ షెడ్డుకు వెళ్లింది. రెజ్ గేరుబాక్సు బిగిస్తున్నాడు. సూదుల్లాంటి చిన్న ఉక్కు కడ్డీలను గ్రీజులో అద్ది, గేరు లోపలి గోడకు ఒక్కొక్కటే అతికిస్తున్నాడు. ఒక్కటి జారిందంటే మళ్లీ మొదటినుంచి మొదలు.

"ఇప్పుడు మాట్లాడకండి మిస్. ఊపిరి పీల్చుకోవడం కూడా మానేస్తాడు. చర్చిలో కూడా ఇంత బుద్ధిగా ఉండగా చూళ్లేదు నేను," అంది డోరీన్. "ఇటు రండి. మీ సీట్ల గురించి ఒక మాట అడగాలి."

రెండు సీట్లూ బల్లమీద పక్కపక్కన ఉన్నాయి. పాత స్పాంజి ముట్టుకుంటే పొడిగా రాలుతోంది. అడుగున రబ్బరు పట్టీలు సాగి వేలాడుతున్నాయి. కొత్త తోలు, నల్లది, తెల్ల అంచుకుట్టుతో, పక్కన సిద్ధంగా పరిచి ఉంది.

"ఈ పక్కసీటు మీది. కాళ్లు తలుపు వైపు కాకుండా లోపలికి ముడుచుకుని కూర్చుంటారు, అవునా? స్పాంజి మొత్తం చెప్పేస్తుంది నాకు." డోరీన్ రెండోదాని వైపు తిరిగింది. "ఇది మాత్రం నాకు అర్థం కాలేదు. ముందు భాగం కొత్తదానిలా ఉంది, వెనక మాత్రం నలిగి పిండైపోయింది. ఈ సీట్లో మనిషి కూర్చోలేదు మిస్, జారగిలబడ్డాడు. నడుం నొప్పి పుట్టేంతగా. ఎందుకా అని నేల చూస్తే ఇవి కనపడ్డాయి."

సీటు జరిగే పట్టాల కింద కార్ఖానావాళ్లు వేసే పల్చటి చెక్క పట్టీలు ఆమె ఒక పక్కన పెట్టింది. వాటి పక్కన మరో జత పెట్టింది. ఓకు చెక్క. అంచులు గుండ్రంగా చిత్రిక పట్టి, మరమేకులు లోపలికి కూరుకునేలా గుంటలు తీసి, నున్నగా వార్నిషు వేసి ఉన్నాయి.

"ఇవి కార్ఖానావి కావు. చేత్తో చేసినవి. మూడు పూతల వార్నిషు, అదీ కార్పెట్టు కింద, దేవుడికి కూడా కనపడని చోట. మీ పళ్ల డాక్టరు ఆరడుగులవాడన్నారుగా, ఇవి తీసెయ్యాలి. లేకపోతే తల టాపుకి తగిలి పుండవుతుంది. ఇవి ఎవరో పొట్టి మనిషి కోసం..."

డోరీన్ ఆగిపోయింది. ఆమె చూపు హెస్టర్ బూట్ల దగ్గర మొదలై టోపీ దగ్గర ముగిసింది. ఆ దూరం ఎక్కువ లేదు. హెస్టర్ ఐదడుగుల మనిషి.

"మీ ఆయన ఎంత పొడుగు మిస్?" అన్నాడు రెజ్ తల ఎత్తకుండానే.

"ఆరడుగుల ఒక అంగుళం."

హెస్టర్ బల్లమీది టేపు అందుకుని ఓకు పట్టీని నిలబెట్టి కొలిచింది. రెండంగుళాలు. కొలవక ముందే ఆమెకు ఆ అంకె తెలుసు. ఆకుపచ్చ కుషను కొన్న రోజున లయొనెల్ ఆమెను దానిమీద కూర్చోబెట్టి, ముందు అద్దంలోంచి బానెట్టు కొస కనిపిస్తోందా అని అడిగి, స్కేలు పెట్టి చూశాడు. "నువ్వు కూర్చుంటే అణిగిపోయి రెండంగుళాలు మిగులుతుంది. నీకు కావలసింది సరిగ్గా అంతే," అన్నాడు.

1975లో కుషను ఉంది కాబట్టి పట్టీల అవసరం లేదు. అంటే పట్టీలు ఆ తరవాతివి. నూనె సంగతి తెలిశాక ఆమె కోసం చేసినవి అయి ఉండాలి. తిప్పి చూస్తే, ప్రతిదానిమీదా తేదీ వేసే మనిషి వీటిమీద మాత్రం ఏమీ రాయలేదు.

అప్పుడు మిగతావి ఒక్కొక్కటే వచ్చి వరుసలో నిలబడ్డాయి. అతని ప్యాంట్ల మోకాళ్ల పైభాగం స్టీరింగుకు రాసుకుని ఎప్పుడూ మెరుస్తూ ఉండేది, ఆమె విసుక్కుంటూ వెనకనుంచి గుడ్డ వేసి కుట్టేది. టాపు లోపల సరిగ్గా అతని తల పైన గుడ్డ రెండుసార్లు చిరిగింది. "పాతబడి ముడుచుకుపోతోంది," అని అతను అంటే ఆమె నమ్మి రెండుసార్లూ మాసిక వేసింది. ఇంకా ఆదివారాలు. నదీతీరపు హోటలుకు భోజనానికి బయలుదేరేటప్పుడు అతను ఇంజిను స్టార్టు చేసి, గేటు దగ్గర ఆపి, "మ్యాపు మరిచిపోయాను," అంటూ తన వైపు తలుపు బార్లా తెరిచిపెట్టి ఇంట్లోకి పోయేవాడు. ఇరవై ఏళ్లుగా వెళ్తున్న హోటలు. మతిమరుపు అనుకుంది ఆమె. చలిగాలి వస్తోందని పక్కసీటులోంచి, తన ఎత్తుకు సరిపోయే ఆ ఖాళీ సీటు మీదుగా వంగి, ఆ తలుపు తానే మూసేది.

ఎన్ని ఆదివారాలు మూసింది? లెక్క వేయబోయి మానేసింది.

"ఒక్క మాట," అంది పైకే. "ఓకు చెక్క సంపాదించి, కోసి, చిత్రిక పట్టి, మూడు పూతలు ఆరబెట్టేంత తీరిక ఉంది. ఒక్క మాట చెప్పడానికి లేకపోయింది."

డోరీన్ సుద్దముక్క కింద పెట్టింది. "మా ఆయనా అంతే తల్లీ. క్షమించమని నోటితో అడగాల్సి వస్తే వెళ్లి బొగ్గుల బకెట్టు నింపుకొచ్చేవాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపరం. మా ఇల్లు ఎప్పుడూ వెచ్చగానే ఉండేది."

రెజ్ గట్టిగా నవ్వాడు. ఒక ఉక్కు కడ్డీ జారి బల్లమీద పడి దొర్లింది. అతను నోటిదాకా వచ్చిన తిట్టును, మిస్ ఉందని మింగి, మళ్లీ మొదటి కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు.

హెస్టర్ నవ్వలేదు, ఏడవలేదు. కోపం పోలేదు, దాని పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది, ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు. అతను చెప్పలేదు, నిజం. కాని రెండో గేరుకు అసలు ఏమైందని ఆమె కూడా అడగలేదు. అతని మౌనం పదిహేడేళ్లదైతే ఆమెది పద్దెనిమిదిన్నర. అడిగి ఉంటే, ఆ నూనెలో గంధకం ఉందని తెలియగానే కారణం చెప్పగలిగే మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

"తీసెయ్యమంటారా, ఉంచమంటారా?" అంది డోరీన్.

"ఉంచండి."

"మరి డాక్టరు గారు?"

"ఆయనకు నేను ఫోన్ చేసి చెప్తాను." ఆమె సంచిలోంచి డబ్బా తీసి రెజ్ బల్లమీద పెట్టింది. "ఇది ఎక్కడైనా జాగ్రత్తగా పారబొయ్యండి. చీటీ మాత్రం నాకు కావాలి."

రెజ్ కళ్లజోడు సవరించుకుని చీటీ చదివాడు. కత్తి మొనతో అంచులు లేపి, చిరగకుండా ఊడదీసి ఇచ్చాడు.

శనివారం ఉదయం పాత కుషను అవసరం లేకుండానే ఆమె డ్రైవరు సీటులో కూర్చుంది. బస్సు లేని రోజు కాబట్టి రెజ్ ముందే తన వ్యానులో వెళ్లి ఆమెను షెడ్డుకు తీసుకొచ్చాడు. కొత్త తోలు ఇంకా బిగువుగా ఉంది, కూర్చుంటే మూలిగింది. అద్దంలోంచి బానెట్టు కొస దాకా కనిపిస్తోంది. ఆమె రెండు చేతులా స్టీరింగు పట్టుకుంది.

రెజ్ పక్కసీటులో కూర్చుని మోకాళ్లు కూడదీసుకున్నాడు. "రెండు, మూడు, నాలుగు, అన్నిటికీ కొత్త రింగులు. వెన్నలోకి చాకు దిగినట్టు దిగుతాయి. మొదటి గేరుకి మాత్రం రింగు లేదు మిస్. పుట్టుకతోనే లేదు. బండి పూర్తిగా ఆగితేనే అది వెయ్యాలి. కదులుతుండగా వేశారో, అరుస్తుంది."

"నాకు తెలుసు."

"తెలుసని తెలుసు. అయినా చెప్పాలిగా."

"మిస్‌కి పాఠం చెప్పే ఛాన్సు మళ్లీ ఎప్పుడొస్తుందో అని," అంది గుమ్మంలోంచి డోరీన్. "పొలిమేర దాటాక హారన్ కొట్టండి తల్లీ, వింటాను. ఇతను భయంతో కేక వేస్తే అదీ వింటాను."

హెస్టర్ మొదటి గేరు వేసి, క్లచ్ నెమ్మదిగా వదిలింది. షెడ్డు ముందున్న గులకరాళ్ల మీదుగా కారు రోడ్డెక్కింది. ఇక రెండో గేరు. ఆమె చేయి రాడ్డు మీద ఒక క్షణం నిలిచింది. ఆ క్షణం లయొనెల్‌ది. తరవాత వెనక్కి లాగింది. చిన్న 'టక్' వినిపించింది, అంతే. ఇంజిను గొంతు తగ్గి కారు సాఫీగా సాగింది. రెజ్ కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. పనివాడు తన పని బాగుందని చెప్పుకోడు.

మూడో గేరు, నాలుగు, మళ్లీ మూడు. చర్చి దాటారు, మార్కెట్టు దాటారు. నది వంతెన దగ్గర ఎర్రదీపం పడి ముందు కార్లు నెమ్మదించాయి. ఆమె రెండులోకి దింపింది. అది కూడా దిగింది. ఆ ఉత్సాహంలో, కారు ఇంకా నడక వేగంతో దొర్లుతుండగానే, ఆమె చేయి రాడ్డును మొదటి గేరు వైపు తోసింది.

గులకరాళ్లు నమిలినట్టు ఆ పాత చప్పుడే వచ్చింది. రెజ్ కళ్లు మూసుకుని, లేని బ్రేకును కాలితో నొక్కాడు. పేవుమెంటు మీద కుక్కతో పోతున్న ముసలాయన తిరిగి చూశాడు.

కారు ఆగింది.

"ఆ చప్పుడు మీదే మిస్," అన్నాడు రెజ్, ఎంత మర్యాదగా అనగలడో అంత మర్యాదగా.

"అవును," అంది హెస్టర్. ఆమె ముఖం ఎర్రబడింది, పెదవులు అదుపు తప్పి విచ్చుకున్నాయి. "ఇది మాత్రం పూర్తిగా నాదే."

పచ్చదీపం వెలిగింది. వెనక వ్యానువాడు హారన్ కొట్టాడు. ఆమె తొందరపడలేదు. కారు ఆగి ఉందని రెండోసారి నిర్ధారించుకుని, క్లచ్ పూర్తిగా తొక్కి, మొదటి గేరు వేసి వంతెన ఎక్కింది.